డిసెంబర్‌లో అరకు లోయ: పొగమంచు, కుప్పనూర్పులు, అమ్మానాన్నలతో రెండు రాత్రులు. సలహాలు కావాలి

సీతమ్మధార_చిన్నోడు | డిసెంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఈ నెల మూడో వారంలో అమ్మానాన్నల్ని, మా ఇద్దరు పిల్లల్ని తీసుకుని అరకు వైపు వెళ్దాం అనుకుంటున్నాం. నాన్నకి 71, మోకాళ్ల నొప్పులు. అమ్మకి చలిగాలి తగిలితే ఆయాసం. వైజాగ్‌లోనే పుట్టి పెరిగాను కానీ అరకు అంటే పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేయడమే, బొర్రా గుహలు, మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, బొంగు చికెన్, మళ్లీ ఇల్లు. ఈసారి అలా వద్దు అనుకుంటున్నాను.

కారణం ఏంటంటే నాన్న చోడవరం దగ్గర పల్లెలో పెరిగిన మనిషి, పోర్టులో ఉద్యోగం వచ్చాక ఊరు వదిలేశారు, తర్వాత పొలం కూడా అమ్మేశారు. మొన్న టీవీలో లోయ నిండా మంచు, కింద వరి కుప్పలు చూపిస్తుంటే "ఒక్కసారి కళ్లంలో కూర్చోవాలిరా, ఆ గడ్డి వాసన మర్చిపోయాను" అన్నారు. నా చిన్నప్పటి నుంచి ఆయన నోటితో ఇది కావాలి అని అడగడం ఇదే మొదటిసారి. అందుకని అడుగుతున్నాను, ఆ టైమ్‌కి అక్కడ నూర్పులు ఉంటాయా, మంచు చూడాలంటే ఎక్కడ ఉండాలి, పాడేరు దగ్గరి వంజంగి కొండ మా నాన్న ఎక్కగలరా, కారులో వెళ్లాలా రైల్లో వెళ్లాలా, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బైక్‌బాబు_గాజువాక | డిసెంబర్ 2, రాత్రి 10:05

అన్నా, వంజంగి మిస్ అవ్వొద్దు. రాత్రి ఒంటిగంటకి బయల్దేరితే చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేసి తెల్లారేలోపు కొండ కింద ఉంటారు, గంట నడిస్తే పైన మేఘాలు మన కాళ్ల కింద ఉంటాయి, సూర్యుడు వచ్చేటప్పటికి మొత్తం బంగారంలా అయిపోద్ది. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఏడుపొచ్చినంత పనైంది. లంబసింగి కూడా కలిపేయండి, నర్సీపట్నం మీంచి డౌనూరు దాటి ఎక్కితే వచ్చేస్తది, చలి అంటే అక్కడే.

కొండదారి_డ్రైవర్ | డిసెంబర్ 2, రాత్రి 11:30

తమ్ముడూ నువ్వు చెప్పింది కుర్రాళ్లకి సరిపోద్ది, 71 ఏళ్ల మనిషికీ పిల్లలకీ కాదు. 19 ఏళ్లు అయింది నేను ఈ అరకు, పాడేరు ఘాట్లలో బండి నడపబట్టి, చెప్తున్నాను వినండి. చలికాలంలో అర్ధరాత్రి దాటాక ఘాట్ ఎక్కొద్దు. మంచు దిగితే హెడ్‌లైట్ వెలుతురు ఆ మంచుకే తగిలి తిరిగి మన కళ్లల్లో కొడుతుంది, బండి ముందు పది అడుగులు కనపడదు, మలుపులో ఎదురుగా లారీ ఉందో ఆవు పడుకుందో తెలీదు. పైగా నిద్ర లేని డ్రైవరు. ఏటా ఈ రోజుల్లో నేను చూసే యాక్సిడెంట్లు తెల్లవారుజాము నాలుగు నుంచి ఆరు మధ్యలోవే.

మీరు చెయ్యాల్సింది ఇది. పొద్దున్న టిఫిన్ తినేసి ఎనిమిదికి బయల్దేరండి. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట). అక్కడ టీ తాగి ఘాట్ ఎక్కండి, అనంతగిరి దాటాక గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగండి, మధ్యాహ్నం భోజనానికి అరకులో ఉంటారు. మంచు చూడ్డానికి మంచులో ప్రయాణం చెయ్యక్కర్లేదు, ముందురోజే వెళ్లి అక్కడ పడుకుంటే పొద్దున్న అదే మీ గుమ్మం ముందుకి వస్తాది.

ఒకవేళ ఘాట్లో మంచు పట్టేస్తే హైబీమ్ వెయ్యొద్దు, లోబీమ్ ఉంచండి, ఫాగ్ లైట్లు ఉంటే వెయ్యండి. ఎడమవైపు తెల్లగీత పట్టుకుని వెళ్లండి. అద్దం కొంచెం దించితే ఎదురుబండి చప్పుడు ముందే వినపడతాది, లోపల అద్దానికి ఆవిరి కూడా పట్టదు. ప్రతి మలుపుకీ హారన్. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్తారు చాలామంది, వెనకోడికి మీరు ఆగేరో తిరుగుతున్నారో తెలీదు, అలా చెయ్యొద్దు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో దిగండి, బ్రేక్ మీద కాలు నొక్కిపెట్టి దిగితే సగం ఘాట్‌కే వాసనొస్తాది. ఎక్కే బండికి దారి ఇవ్వండి.

రైలుపిచ్చి | డిసెంబర్ 3, ఉదయం 6:15

రైలు గురించి నేను చెప్తాను. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్న ఏడు లోపే వైజాగ్‌లో బయల్దేరి పదకొండు ఆ ప్రాంతంలో అరకు చేరుస్తుంది, అంటే లోయలో మంచు విడిపోయాకే. మంచు కోసమైతే రైలు దిగి ఆ రోజే తిరుగు రైలు ఎక్కడంలో అర్థం లేదు, రాత్రి ఉండాల్సిందే. కానీ పిల్లలున్నారు కాబట్టి ఒకవైపైనా రైల్లో వెళ్లండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం పోర్టుకి తేవడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను ఇది, ఆ ఖనిజం జపాన్ వెళ్లేది. మీ నాన్నగారు పోర్టు మనిషి అంటున్నారు, ఆ ఖనిజం దిగడం ఆయన ఉద్యోగం పొడుగునా చూసే ఉంటారు, అది వచ్చిన దారి చూపించండి. బొడ్డవర దాటాక ఎక్కడం మొదలెడుతుంది, సొరంగాలు యాభైకి పైనే, పిల్లలు ప్రతి సొరంగానికీ అరుస్తారు, ఆపకండి. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, 2017 నుంచి ఉంది కానీ డిసెంబర్‌లో సీట్లు బేగి అయిపోతాయి.

మేస్టారు_ఎంవీపీ | డిసెంబర్ 3, ఉదయం 8:20

బాబూ, నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మంచు ఎప్పుడు పడుతుందో తెలిస్తే మీ ట్రిప్ సగం కుదిరినట్టే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే నేల పగలు దాచుకున్న వేడంతా పైకి వదిలేస్తుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు, అది కొండవాలు మీంచి నీళ్లలా జారి వచ్చి లోయ అడుగున నిలుస్తుంది. అక్కడ గెడ్డలున్నాయి, అంటే వాగులు, తడి మళ్లున్నాయి, ఆ తేమ చల్లగాలిలో ఇమడలేక సన్నటి నీటి బిందువులు అయిపోతుంది. అదే పొగమంచు. దాని పైన కొంచెం వెచ్చటి గాలి పొర మూత వేసినట్టు కూర్చుంటుంది కాబట్టి పైకి లేవలేదు. వంజంగి మీద నిలబడ్డవాళ్లు "మేఘాలు" అంటున్నది దీన్నే, అదే సమయానికి కింద పాడేరులో పాలు తీసుకెళ్తున్న మనిషి దాన్ని మంచు అంటాడు. ఎండ నేలకి తగిలి వేడెక్కితే విడిపోతుంది, తొమ్మిది, ఒక్కోసారి పది.

కాబట్టి చూసుకోవాల్సింది తారీఖు కాదు, ఆకాశం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి మబ్బు కమ్మితే, ఆ మబ్బు దుప్పటిలా వేడిని ఆపేస్తుంది, చలీ ఉండదు లోయలో మంచూ ఉండదు, తుంపర మాత్రం పడుతుంది. అదే ఆ మబ్బు విడిపోయిన తర్వాత రెండు మూడు రోజులు చూడండి, నేల తడిగా ఉంటుంది, ఆకాశం కడిగినట్టు ఉంటుంది, అప్పుడు పట్టే మంచు చూసి తీరాలి. గది బుక్ చేసేటప్పుడు తేదీ మార్చుకునే వీలు ఉండేలా చూసుకోండి. నలభై ఏళ్లుగా వైజాగ్ నుంచి వెళ్తున్నాను, మబ్బురోజు వెళ్లి నిరాశపడి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

లోయపిల్లోడు | డిసెంబర్ 3, రాత్రి 8:50

నమస్తే అండి. మాది అరకు దగ్గర ఊరు, నేను వైజాగ్‌లో డిగ్రీ చదువుతున్నాను, మద్దిలపాలెంలో రూమ్. మీ నాన్నగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

డిసెంబర్ మూడో వారానికి మా వైపు వరి కోతలు చాలా వరకు అయిపోతాయి, పనలు (కోసిన వరి కట్టలు) కట్టి కుప్ప వేసేస్తారు, నూర్పులు కొన్ని కళ్లాల్లో నడుస్తూ ఉంటాయి. మా దగ్గర పెద్ద మిషన్లు మెట్లు మెట్లుగా ఉన్న మళ్లల్లోకి దిగవు, అందుకే చాలా ఇళ్లల్లో ఇంకా పశువులతో తొక్కించడమే, లేదంటే బల్లకేసి కొట్టడం. మంచు పడ్డ పన తడిగా ఉంటాది, గింజ రాలదు, అందుకని పొద్దున్నే ఎవరూ నూర్చరు, ఎండ వచ్చి గడ్డి ఆరాక పదిన్నర పదకొండుకి మొదలెడతారు. చాలామంది పొద్దున్నే వచ్చి ఫోటోలు తీసుకుని తొమ్మిదికి వెళ్లిపోతారు, అసలు పని వాళ్లు వెళ్లాక మొదలవుతాది. మీ నాన్నగారిని పదకొండుకి తీసుకురండి.

ఇంకోటి వలిసెల గురించి. అందరూ పసుపు పూల తోట అంటారు, అది తోట కాదండి, నూనెగింజ పంట. వర్షాలు తగ్గేటప్పుడు మెట్ట మీద చల్లుతాం, నవంబర్, డిసెంబర్‌లో పూస్తాది, తర్వాత గింజ కట్టి కోతకి వస్తాది. కాడ చాలా పెళుసు. ఒకరు ఫోటోకి లోపలికి నడిస్తే విరిగిన మొక్క మళ్లీ లేవదు, వాళ్ల వెనక ఆ బాట చూసి పదిమంది నడుస్తారు. పోయినేడు మా చిన్నాన్న చేను రోడ్డు పక్కది, ఆదివారం ఒక్కరోజులో మధ్యలో బండి వెళ్లినట్టు దారి పడిపోయింది. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, సాయంత్రం వెళ్లి పడిపోయిన మొక్కలు ఏరి మేకలకి వేశాడు. అందుకే ఇప్పుడు చాలామంది రైతులు తాడు కట్టి మనిషికి ఇంత అని తీసుకుంటున్నారు. అది అడుక్కోవడం కాదు, పోయిన గింజకి కొంతైనా రావాలి కదా.

బైక్‌బాబు_గాజువాక | డిసెంబర్ 3, రాత్రి 9:30

బ్రో, మేం ప్రతిసారీ డబ్బులిచ్చే దిగాం, కానీ డబ్బులిచ్చాం కదా అని లోపలికంటా వెళ్లిపోయాం, అది గింజ పంట అని నిజంగా తెలీదు. ఈసారి నుంచి గట్టు మీంచే తీస్తాను. ఒక డౌట్, చేనులో తేనెటీగల పెట్టెలు పెడతారు కదా అవి ఎందుకు?

లోయపిల్లోడు | డిసెంబర్ 3, రాత్రి 10:10

థాంక్స్ అన్నా. వలిసెకి ఈగ వాలితేనే గింజ బాగా కడతాది, తేనె వాళ్లకి తేనె, మాకు గింజ. అందుకే పూత టైమ్‌లో చేను పక్కన డ్రోన్, పెద్ద సౌండ్ బాక్సులు వద్దు అంటాం.

కాఫీ గురించి కూడా చెప్పేస్తాను, మీరు వచ్చే టైమ్‌కి పండు కోత గట్టిగా ఉంటాది. ఎర్రబడ్డ పండు మాత్రమే కొయ్యాలి, చెట్టు మీద ఒకేసారి పండదు కాబట్టి ఒకే చెట్టుకి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. కోసిన రోజే తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, ఆరబెట్టాలి, ఐదారు కిలోల పండుకి కిలో గింజ వస్తాది. ఆరబెట్టడం దగ్గరే మాకు ఈ మంచుతో యుద్ధం. సాయంత్రం నాలుగున్నరకల్లా టార్పాలిన్ పట్టాలు కప్పేయాలి, పొద్దున్న మంచు విడిచాకే తియ్యాలి, మధ్యలో అల్పపీడనం వచ్చిందంటే ఇంట్లో మంచాల కింద కూడా గింజే. మీరు టెంట్‌లోంచి చూసి ఎంత బావుందో అంటారు, నిజంగానే బావుంటాది, నాకూ ఇష్టం, కానీ మా అమ్మ పొద్దున్న లేచి ముందు ఆకాశం వైపే చూస్తాది.

తోటలోకి వెళ్తే పండు తెంపి జేబులో వేసుకోవద్దని పిల్లలకి చెప్పండి. 2025లో అరకు దగ్గర కాయ తొలిచే పురుగు కనపడింది, పురుగు పట్టిన పండు ఒకటి ఇంకో తోటలో పడితే చాలు. ఇంతకుముందు హుద్‌హుద్ తుఫానుకి, 2014 అక్టోబర్‌లో, మా సిల్వర్ ఓక్ చెట్లు పడిపోయాయి, వాటి మీద పాకించిన మిరియాల తీగలూ పోయాయి, నీడ లేక కాఫీ మొక్కలు మాడిపోయాయి. కొత్త మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, నీడచెట్టుకి అంతకన్నా ఎక్కువే. ఇప్పుడిప్పుడే కోలుకున్న తోటలు అవి.

సీతమ్మధార_అక్క | డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:15

చిన్నోడూ, అమ్మగారి ఆయాసం గురించి నేను చెప్తాను, మా అత్తగారిదీ అదే సంగతి. మన వైజాగ్‌లో సముద్రం పక్కన ఉండి డిసెంబర్‌లో కూడా ఫ్యాన్ వేసుకునేవాళ్లం, అక్కడి చలి ఒంటికి అలవాటు ఉండదు. మంకీ క్యాప్, ముక్కుకి అడ్డంగా ఉన్ని మఫ్లర్, రెండు జతల సాక్సులు, ఇన్‌హేలర్ బ్యాగ్‌లో కాదు చేతిలోనే. పొద్దున్న మంచులోకి ఆవిణ్ణి తీసుకెళ్లకండి, కిటికీలోంచి చూపించండి, ఎండ వచ్చాక బయటికి. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఇస్తారో ముందే అడగండి, మేం ఉన్న ఒక హోమ్‌స్టేలో బుకింగ్ అప్పుడు ఇరవై నాలుగు గంటలూ అన్నారు, వెళ్లాక పొద్దున్న ఒక్క బకెట్టే.

ఇది మాత్రం అందరూ చదవండి. చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలోనో టెంట్‌లోనో పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట ఆరుబయటే. మాకు మొదటిసారి గది కుర్రాడే ప్రేమగా కుంపటి తెచ్చి ఇచ్చాడు, మా ఆయన తీసి బయట పెట్టారు కాబట్టి సరిపోయింది.

తిండి అంటారా, లేత పచ్చి వెదురు బొంగులో అడ్డాకు కుక్కి కాల్చిన చికెన్ అందరికీ తెలుసు, నూనె ఉండదు కాబట్టి పెద్దవాళ్లకీ మంచిదే, అప్పుడే కాల్చింది తినండి. సంత రోజు కలిసొస్తే అది వదలకండి, రాజ్మా, పసుపు, అల్లం, చోళ్లు (రాగులు), సామలు, కొండ దుంపలు, చీపుర్లు, అన్నీ కొండ దిగి తెచ్చిన ఆడవాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు, వాళ్లతో బేరం ఆడకండి. మధ్యాహ్నం దాటితే ఊళ్లకి తిరిగి నడిచి వెళ్లిపోతారు.

చింతపల్లి_అల్లుడు | డిసెంబర్ 4, సాయంత్రం 6:40

లంబసింగి మా అత్తారి వైపు. దాన్ని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు, బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. స్ట్రాబెర్రీ తోటలు డిసెంబర్ నుంచి బాగుంటాయి, తాజంగి రిజర్వాయర్ మీద పొద్దున్న ఆవిరి లేస్తుంటే చూడాలి. కానీ రెండు రాత్రుల్లో అరకు, వంజంగి, లంబసింగి మూడూ పెట్టుకుంటే మీ నాన్నగారు కారులోనే ఉంటారు. లంబసింగి జనవరికి ఉంచుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా టైమ్ ఉంది.

సీతమ్మధార_చిన్నోడు | డిసెంబర్ 4, రాత్రి 10:20

అందరికీ పేరుపేరునా దండాలు. వంజంగి, లంబసింగి తీసేశాను. అరకులోనే రెండు రాత్రులు, తిరుగు మాత్రం పాడేరు, మాడుగుల, చోడవరం మీదుగా, దారిలో నాన్న ఊరు తగులుతుంది. మేస్టారూ, మీరు చెప్పినట్టు తేదీ మార్చుకునే గదే తీసుకున్నాను.

సీతమ్మధార_చిన్నోడు | డిసెంబర్ 17, రాత్రి 9:00

మేస్టారూ, అల్పపీడనం అంటున్నారు, రేపు వెళ్లాలా వద్దా?

మేస్టారు_ఎంవీపీ | డిసెంబర్ 17, రాత్రి 9:12

ఆగండి. మబ్బు విడిచిన మర్నాడు బయల్దేరండి.

సీతమ్మధార_చిన్నోడు | డిసెంబర్ 26, రాత్రి 11:15

వెళ్లొచ్చాం. మూడు రోజులు వెనక్కి జరిపాం, ఎంత మంచిదైందో మాటల్లో చెప్పలేను.

మొదటి రాత్రి చుక్కలు కనపడ్డాయి, అప్పుడే అనుకున్నాను రేపు పడుతుందని. పొద్దున్న ఐదున్నరకి తలుపు తీస్తే ఎదురుగా కారు లేదు. అంటే ఉంది, కనపడలేదు. పిల్లలు చెయ్యి చాపి వేళ్లు కనపడుతున్నాయా అని ఆడుకున్నారు. అమ్మ లోపలే కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎనిమిదిన్నరకి మొదట ఒక కొండ చివర కనపడింది, తర్వాత చెట్ల తలలు, తర్వాత ఎక్కడో కోడి, ఆవు మెడలో గంట, అవి ముందే వినపడుతున్నాయి, మనుషులు తర్వాత కనపడ్డారు. తొమ్మిదింబావుకి వలిసె చేను మీద ఎండ పడింది. గట్టు మీంచే చూశాం.

పదకొండుకి లోయపిల్లోడు చెప్పిన ఊరు వెళ్లాం, సెలవులకని తనూ అక్కడే ఉన్నాడు. కళ్లంలో నాలుగు ఎడ్లు తిరుగుతున్నాయి. నాన్న చెప్పులు విప్పేసి లోపలికి వెళ్లారు. ఒకాయన కుర్చీ తెస్తే వద్దని గడ్డి మీద కూర్చున్నారు, మోకాళ్లు మడవలేక కాళ్లు చాపుకుని. ఒక పన తీసుకుని వాసన చూసి, గింజ ఒకటి పంటితో కొరికి, "ఇంకో రెండు రోజులు ఆరాలి" అన్నారు. అక్కడి పెద్దాయనకి తెలుగు తక్కువ, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కానీ ఆ మాటకి నవ్వి తల ఊపారు. తర్వాత ఇద్దరూ గంటన్నర కూర్చున్నారు, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, చేతులతోనే ఎక్కువ. నాన్న గడ్డితో వెంటి (తాడు) పేని చూపిస్తే ఆయన తన పద్ధతిలో పేని చూపించారు. మా వాడు ఆ రెండూ ఇంటికి తెచ్చాడు, టీవీ పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లో చోడి అంబలి ఇచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు, చేసేది లేక వాళ్ల కాఫీ గింజ రెండు కిలోలు కొన్నాం, అదీ వాళ్లు చెప్పిన ధరకి.

తిరుగుదారిలో చాపరాయి దగ్గర ఆగాం, నీళ్లు బాగానే ఉన్నాయి, రాళ్లు జారుడు, పిల్లల్ని ఒడ్డునే ఉంచాం. పాడేరు ఘాట్ సెకండ్ గేర్‌లోనే దిగాను డ్రైవరన్నా. మాడుగులలో హల్వా కొన్నాం. నాన్న ఊళ్లో ఆగితే మా పొలం ఉన్నచోట సరుగుడు వేసి ఉంది. నాన్న కారు దిగలేదు, అద్దం దించి చూసి, పద అన్నారు.

లోయపిల్లోడూ, నాన్న పొద్దుట్నుంచి ఒకటే అడుగుతున్నారు, మీ దగ్గర నాట్లు ఎప్పుడు పడతాయని. ఆ టైమ్‌కి గది దొరుకుతుందా?

లోయపిల్లోడు | డిసెంబర్ 27, ఉదయం 7:30

వానల్ని బట్టి జులై ఆఖరు, ఆగస్టు మొదటి వారం అండి. అప్పుడు మంచు ఉండదు, రోజంతా ముసురు, గెడ్డలు నిండుగా ఉంటాయి, ఘాట్లో రాళ్లు జారతాయి కాబట్టి పగలే రండి. తాతగారు మడిలోకి దిగక్కర్లేదు, గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందిస్తే చాలు. గది చూడొద్దు, మా ఇంట్లో ఉంటారు. ఆకు, అదే నారు, తీసే రోజు ముందు నేను ఫోన్ చేస్తాను.